మబ్బు అనప

చెంగల్రాయుడు మాస్టారు రెండేళ్లుగా ఒక్క మాట మాట్లాడలేదు, ఆదివారం మధ్యాహ్నాలు తప్ప.

ఆ ఆదివారం మాటలు కూడా ఆయన భార్య ఎస్తేరు ఒక్కతే వింది, అదీ నిద్రలో. అందుకే ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో ఆవిడకు తెలుసు. పాపం, మొగుడు మంచాన పడ్డాక మతి చలించింది అంటారు. ఆవిడ చూస్తే విత్తనాల రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషాయె. అలాంటి మనిషి నోట కలల కబుర్లు వస్తే లోకం ఊరుకుంటుందా?

మదనపల్లె దాటి కొండలవైపు పోయే దారిలో ఒక చిన్న విత్తన పరిశోధనశాల ఉండేది. అందులో ఎస్తేరు పని అనపగింజలు పరీక్షించడం. ఆ సీమలో అనపకాయంటే ప్రాణం పెడతారు. చలికాలం వచ్చిందంటే ఇంటింటా ఆడవాళ్లు చాపల మీద కూర్చుని, నానబెట్టిన గింజల్ని వేళ్లతో పితికి, తొక్క వదిలించి, పితికిపప్పు వండాల్సిందే. తినేవాళ్లకు అన్నీ అనపలే. ల్యాబులో ఉన్న మెషిన్‌కు మాత్రం కాదు. గింజను పొడి చేసి అందులో పెడితే, లోపల ఏమేం ఉన్నాయో కాగితం మీద కొండల వరసలాగా గీత గీసి చూపించేది. తెల్ల అనపకు చేదు తక్కువ. ఎర్ర అనపకు వాసన ఎక్కువ. నల్ల అనపలో పిసరంత విషం ఉంటుంది, అందుకే మొదట ఉడికిన నీళ్లు పారబోయకుండా దాన్ని ఎవరూ తినరు. నలభై రెండు రకాలకు నలభై రెండు గీతలు, ఏ రెండూ ఒకలాంటివి కావు.

నలభై మూడో రకం కొండల్లో సేద్యం చేసుకునే మునెమ్మ అనే ఆవిడ పంపింది. బూడిదరంగు గింజ, దాని వీపు మీద తెల్లటి మబ్బు తునక. మబ్బు అనప అంటారట. గీత చివర, అన్ని శిఖరాలూ అయిపోయిన చోట, ఒక చిన్న మొటిమలాంటి ముల్లు లేచింది. అది ఏ పుస్తకంలోనూ లేని పదార్థం.

"మేడమ్, ఇదేందో దిష్టిచుక్క పెట్టినట్టుండాదే!" అన్నాడు మెషిన్ నడిపే హయత్ బాషా. అప్పట్నుంచీ ఆ పదార్థానికి దిష్టిచుక్క అనే పేరు ఖాయమైపోయింది.

ఎస్తేరు ఊరుకోలేక మునెమ్మ ఉండే కొండపల్లెకు పోయింది. మునెమ్మకు అరవై దాటాయి. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. చాప వేసి కూర్చోబెట్టి చెప్పింది.

"యిది కూరకు కాదు మేడమా. పోట్లాడుకున్నోళ్లకు."

"అంటే?"

"అన్నాదమ్ములు చేని గెనిమ కాడ కొట్టుకుంటారు. మొగుడూ పెండ్లాం మూతులు ముడుచుకోని తిరగతారు. అట్లాంటోళ్లను కూచోబెట్టి, దీన్ని తొక్క తీయకుండా వుడకబెట్టి, వొకే గిన్నెలో పెడతాము. తిని పండుకుంటారు. లేసేతలికి సర్దుకోనుంటారు."

"ఎట్లా సర్దుకుంటారు మునెమ్మా?"

"కల్లో మాట్లాడుకుంటారు గదమ్మా," అంది మునెమ్మ, అంత చిన్న విషయం కూడా తెలీదా అన్నట్టు. "యిద్దరికీ వొకే కల వస్తాది. కల్లో ఎవురు మాత్రం యెంతసేపని బిగుసుకోనుంటారు?"

ఎస్తేరు నవ్వింది. నవ్వుతూనే, వచ్చేటప్పుడు ఒక పిడికెడు గింజలు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

మాస్టారి సంగతి చెప్పాలి. ఆయన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. రెండేళ్ల కిందట వానలో ఘాట్ రోడ్డు మలుపు దగ్గర స్కూటర్ జారి తలకు దెబ్బ తగిలింది. ఒళ్లు కదలదు, నోరు పెగలదు. మెత్తగా చేసి పెడితే మింగుతాడు. కళ్లు తెరిచి పైకప్పు కేసి చూస్తుంటాడు. మనం చెప్పేది ఆయనకు తెలుస్తోందా అని అడిగితే డాక్టర్లు తలా ఒక రకంగా చెప్పారు. గుండె కూడా బలహీనపడుతోంది, ఎంతకాలమో చెప్పలేం అన్న మాట మాత్రం అందరూ ఒకేలా చెప్పారు.

ఆ ఆదివారం ఎస్తేరు గింజల్ని తొక్కతోనే ఉడకబెట్టింది. ఆయనకు మెదిపి పెట్టింది, అదే గిన్నెలో తనూ తింది. పక్క మంచం మీద నడుం వాల్చింది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ, ఎక్కడో పిండిమర చప్పుడు, అంతే, నిద్ర పట్టేసింది.

కలలో బడి వరండా ఉంది. వరండాకు చివర లేదు. మాస్టారు నల్లబల్ల మీద రంగు సుద్దముక్కలతో కొండలు గీస్తున్నాడు. గీసిన కొండ గీసినట్టే బల్లలోంచి బయటికి వచ్చి, అలా నడిచి వెళ్లిపోతోంది. ఆయన తిరిగి చూశాడు.

"ఎంతసేపని చూడను ఎస్తేరూ? ఎక్కడికి పోయావు?"

ఆ గొంతు విని రెండేళ్లయింది. ఎస్తేరు వరండాలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆయన సుద్దచేతులతోనే కళ్లు తుడిచాడు. మేలుకుని చూస్తే దిండు తడిసి ఉంది. పక్క మంచం మీద ఆయన ఎప్పటిలాగే పైకప్పు కేసి చూస్తున్నాడు.

ఇంక ఆదివారాలు ఆదివారాల్లా లేవు. వారమంతా ఆవిడ ఆ మధ్యాహ్నం కోసం బతికేది. కలలో ఇద్దరూ మేఘాల మీద మెట్లు కట్టిన తిరునాళ్లకు పోయేవాళ్లు. ఇంటి గోడలు పలచబడి, అవతల ఏరు కనిపించేది. మామూలు మాటలే మాట్లాడుకునేవాళ్లు. కూరలో ఉప్పు, స్కూల్లో పిల్లల అల్లరి, ఆయన చొక్కా గుండీలు. ఆ మాటలకే ఆవిడ ప్రాణం లేచొచ్చేది.

చివరికి ఉండబట్టలేక బాషాకు చెప్పింది. బాషా నవ్వలేదు. చాలాసేపు తల గోక్కున్నాడు.

"మేడమ్, ఏమీ అనుకోవద్దండి. ఆయన కల్లో చెప్పిందంతా మీకు ముందే తెలిసిందే గదా? అంటే మాట్లాడేది ఆయనో, మీ మనసో, ఎట్ల తెలుస్తుంది? మీకు తెలీనిది ఒక్కటి చెప్పమనండి. అప్పుడు నమ్ముతా."

ఆ మాట ఎస్తేరు గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే అదే అనుమానం ఆవిడకూ ఉంది. కొత్త సంగతి ఏదైనా అడగాలని ప్రతి ఆదివారం అనుకునేది. కలలోకి దిగగానే అడగాలన్న మాటే మరిచిపోయేది. కలల్లో అంతే కదా, గట్టిగా పట్టుకుపోయిన ప్రశ్న ఒక్కటీ గడప దాటదు.

ఇంతలో పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దిష్టిచుక్కను శుద్ధంగా విడదీసి ఒక్క గ్రాము పంపండి, వానలు మొదలయ్యేలోగా. పంపితే దాని నిర్మాణం తేల్చి, గింజతో పని లేకుండా తయారుచేస్తాం. లేదంటే ఈ పని ఇంతటితో ఆపండి.

ఆ రోజు ఎస్తేరు కాలు నేల మీద ఆనలేదు. మాస్టారిలాంటి వాళ్లు ఎన్ని వేల మంది మంచాల మీద ఉన్నారు! వాళ్ల పక్కన కూర్చుని ఒక్క మాట కోసం ఎదురుచూసే వాళ్లు ఎంతమంది! అందరికీ ఒక మాత్ర, అందరికీ ఒక మధ్యాహ్నం. లెక్క చూస్తే గ్రాము తీయడానికి ఎనిమిది కిలోల గింజ కావాలి. ల్యాబులో సరిగ్గా ఎనిమిది కిలోలే ఉంది. పోయిన చలికాలం మునెమ్మ నమ్మి ఇచ్చిన మూటలో, ఆదివారాల కోసం ఎస్తేరు ఇంటి డబ్బాలోకి తీసుకున్నది పోగా మిగిలింది అది.

ఎస్తేరు చెడ్డమనిషి కాదు. మరపట్టించే ముందు మునెమ్మకు ఫోన్ చేసింది.

"మునెమ్మా, మీ ఇంట్లో విత్తనాలకు మబ్బు అనప ఉంది కదా?"

అవతల మెల్లగా, "మా యింట్లో నిండుకున్యాయి మేడమా," అంది మునెమ్మ.

"నిండుకున్నాయా! చాలా సంతోషం మునెమ్మా!"

"సంతోషమా?" అంది మునెమ్మ. "సరేలేమ్మా. యింక అంతా నీ చేతిలోనే వుండాది."

మీకు తెలిసిపోయింది కదూ? వంటింటి గాలి పీల్చిన ఎవరికైనా తెలుస్తుంది. ఎస్తేరుకు తెలియలేదు. ఆవిడ ఊహ తెలియకముందే వేలూరు దగ్గర ఒక అనాథ హాస్టల్లో చేరింది. గంట కొడితే కంచం పట్టుకుని వరుసలో నిలబడడం, గరిటెతో పెట్టింది తినడం, అంతే. తర్వాత కాలేజీ హాస్టల్, ఆ తర్వాత యూనివర్సిటీ హాస్టల్. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకుంది, స్నేహితుల దగ్గర నేర్చుకుంది. తనదీ అని ఒక బియ్యం డబ్బా లేని మనిషికి, ఆ డబ్బా అడుగు కనబడినప్పుడు ఏమంటారో ఎవరు చెబుతారు? పెళ్లయ్యాక వంటంతా మాస్టారే చూసుకున్నాడు. ఆయనకు వంట పిచ్చి. ఆవిడను పొయ్యి దగ్గరికి రానిచ్చేవాడే కాదు.

"అక్కడ గింజలు నిండుగా ఉన్నాయట. ఆదివారం మొత్తం మరపట్టించెయ్," అని బాషాకు చెప్పింది. ఆదివారమైతే కరెంటు పోదు, మర ఆగదు.

ఆ ఆదివారం ఇంట్లో డబ్బాలో మూడు పిడికెళ్లు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి ఉడకబెట్టింది.

కలలో వాళ్ల వంటిల్లే ఉంది గానీ పైకప్పు లేదు. అనపతీగలు గోడలెక్కి ఆకాశంలోకి పాకుతున్నాయి, ఊదారంగు పూలు కిందికి రాలి గిన్నెల్లో పడుతున్నాయి. మాస్టారు భుజాన తువ్వాలు వేసుకుని డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూస్తున్నాడు. అనపగింజల డబ్బా తీసి బోర్లించాడు. ఒక్క గింజ రాలలేదు.

"ఎస్తేరూ, గింజలు నిండుకున్నాయి."

"నిండుకున్నాయా? సంతోషం!" అంది ఎస్తేరు.

ఆయన విచిత్రంగా చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే ముందు ఎడమ భుజం ఎగురుతుంది, తర్వాతే నోట్లోంచి చప్పుడు వస్తుంది. నవ్వీ నవ్వీ పొయ్యికి ఆనుకుని నేల మీదికి జారిపోయాడు.

"ఓసి పిచ్చిమొద్దూ! ఇంత చదువూ చదివి... నిండుకున్నాయంటే అయిపోయాయని!"

"ఖాళీ డబ్బా పట్టుకుని నిండుకున్నాయంటారా ఎవరైనా?"

"అందరూ అంటారు. వండుకునే ఇంట్లో అయిపోయాయి అనకూడదే. నోట ఆ మాట వస్తే నిజంగానే లేమి వస్తుందని భయం. మా అమ్మ చచ్చినా అనేది కాదు. ఉప్పు నిండుకుంది, బియ్యం నిండుకున్నాయి, ఇంతే."

"మరి నాతో ఎప్పుడూ అనలేదేం?"

ఆయన నవ్వు ఆపి ఆవిడ ముఖంలోకి చూశాడు. "మనింట్లో ఎప్పుడు నిండుకోనిచ్చాను?"

నిజమే. ఆయన వండిన పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఏ డబ్బా అడుగూ ఆవిడ చూడలేదు. హాస్టల్లో పెరిగిన పిల్ల ఖాళీ డబ్బా చూడకూడదని ఆయన పట్టుదల. ఆ సంగతి ఇప్పుడు, కలలో, పూలు రాలుతుంటే తెలిసింది. ఎస్తేరు ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక మునెమ్మ గొంతు చెవిలో మోగింది. సంతోషమా?

ఉలిక్కిపడి లేచింది. మూడున్నర.

రెండు సంగతులు ఒక్కసారే మీద పడ్డాయి. ఆ మాటకు అర్థం తనకు తెలీదు. తెలీని మాట తన మనసులోంచి ఎలా వస్తుంది? చెప్పింది ఆయనే. ఇన్నాళ్లూ మాట్లాడింది ఆయనే! ఆ సంతోషం గొంతు దాకా వచ్చేలోపే రెండోది తగిలింది. మూడింటికే మర వేస్తానన్నాడు బాషా, ఈపాటికి మొదలైపోయి ఉంటుంది.

ఫోన్ చేస్తే బాషా ఎత్తలేదు. పక్కింటి జయమ్మను పిలిచి మాస్టారి దగ్గర కూర్చోబెట్టి, స్కూటర్ మీద పరుగెత్తింది. చెప్పులు వేసుకోలేదని ల్యాబు మెట్లెక్కుతుంటే గానీ తెలియలేదు.

బాషా చెవులకు బిరడాలు పెట్టుకుని, నెత్తి నుంచి కాళ్ల దాకా పిండితో తెల్లగా నిలబడి ఉన్నాడు. మర ఆగిపోయి ఉంది. పిండంతా స్పిరిట్ పీపాలో నానుతోంది.

"అయిపోయింది మేడమ్! ఒక్క గింజ వదల్లేదు," అన్నాడు సంతోషంగా. తర్వాత ఆవిడ ముఖం చూసి చెవి బిరడాలు తీసేశాడు.

"బాషా, నిండుకున్నాయంటే ఏమిటి?"

"అయిపోయినాయని. ఎందుకు మేడమ్?"

ఎస్తేరు చెప్పింది. ఫోన్లో తను విన్నది, తను అనుకున్నది, ఇప్పుడు కలలో ఆయన చెప్పింది. బాషా తిరిగి ఖాళీ మూట కేసి చూశాడు.

"యా అల్లా. అంటే మునెమ్మవి కూడా..."

"లేవు. మనం పట్టించిందే ఆఖరిది."

"దిష్టిచుక్క వస్తుంది గదా మేడమ్, అదన్నా దక్కుతుంది," అంటూ పీపాలోంచి చుక్క తీసి మెషిన్‌లో పెట్టాడు. గీత వచ్చింది. శిఖరాలన్నీ ఉన్నాయి, చివర ముల్లు లేదు. మళ్లీ పెట్టాడు. లేదు. మూడోసారీ లేదు. గింజ నలిగాక ఆ పదార్థం గంటసేపు కూడా నిలవదన్నమాట. ఇన్నాళ్లూ నాలుగు గింజలు పొడిచేసి వెంటనే చూసేవాళ్లు గనక కనిపించేది. గంట ఆగి చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. గింజ తొక్క లోపల ఉన్నంతసేపే అది ఉంటుంది.

ఎస్తేరు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. దాచుకోలేదు, గట్టిగానే ఏడ్చింది. బాషా పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"మేడమ్, మీ ఇంట్లో డబ్బాలో ఏమన్నా..."

"రెండు పిడికెళ్లు."

బాషా కళ్లు మెరిశాయి. "అయితే ఇంకా చేజారలేదు. మీకు తెలీనిది చెప్పమంటినా, చెప్పినాడు గదా ఆయన! ఈసారి నలుగురు పెద్దమనుషుల ముందర చేద్దాం. లోకమంతా నమ్ముతుంది."

నమ్మడానికి ఇంక లోకం అవసరం ఎస్తేరుకు లేదు. ఆవిడకు కావలసింది ఇంకొక్క మధ్యాహ్నం. నువ్వే కదా, నిజంగా నువ్వే కదా అని ఒక్కసారి ఆయన్ని తడిమి చూసుకోవాలి. ఇన్నాళ్లూ సగం అనుమానంతో మాట్లాడింది. ఇప్పుడు తెలిసి మాట్లాడాలి.

మర్నాడు పొద్దున డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి మునెమ్మ దగ్గరికి పోయింది. మునెమ్మ వినీ వినగానే నెత్తి కొట్టుకుంది.

"సంతోషమంటివే తల్లీ! నీకు మూటిచ్చినాంక చల్లితే వాన మోసం చేసె, చల్లినవి చల్లినట్టే మాడిపాయె. మా ముత్తవ్వల నాటి గింజ నీ మూటలో బద్రంగా వుండాదని, నేను నిబ్బరంగా నిద్దరపోతా వుంటి."

"నాకు ఆ మాట తెలీదు మునెమ్మా."

"తెలీదా?" మునెమ్మ నోరు వెళ్లబెట్టింది. "నిండుకున్యాయనే మాట తెలీని ఆడది వుంటాదా?" తర్వాత ఎందుకో ఎస్తేరు ముఖం చూసి గొంతు తగ్గించింది. "మీ అమ్మ చెప్పలేదా?"

"అమ్మ లేదు. మాస్టారు చెప్పాడు. నిన్న."

మునెమ్మ ఇంక తిట్టలేదు. డబ్బా మూత తీసి, గింజల్ని అరచేతిలో పోసుకుని, ఒక్కొక్కటే వేలితో తిప్పి చూసింది. మబ్బు తునకలన్నీ పైకి చూస్తున్నాయి.

"యీ రెండు పిడికిళ్లూ చల్లినా, రేపేడు వచ్చేది విత్తనానికే. మూడేండ్లు నోట్లో పెట్టుకోను పనికిరాదు." ఎస్తేరు కేసి చూసింది. "ఆయనకు గుండె బాగలేదంటివి గదా. మూడేండ్లంటే..."

"తెలుసు."

"వొక పిడికిలి నువ్వు పెట్టుకో పాపా. ఆయనతో యింకొకసారి మాట్లాడుకో. నేను యేమనుకోను."

ఆ మాటకు ఎస్తేరు చెయ్యి ముందుకు వెళ్లింది. వెళ్లిందని దాచడం ఎందుకు? వేళ్లు గింజల్ని తాకాయి కూడా. చల్లగా ఉన్నాయి. మనింట్లో ఎప్పుడు నిండుకోనిచ్చాను అన్న ముఖం కళ్ల ముందుకొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రెండూ చల్లు మునెమ్మా. ఒకటి మాడినా ఇంకొకటన్నా మొలుస్తుంది."

ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. అందాకా మాస్టారి దగ్గర కూర్చున్న జయమ్మ లేచి వెళ్లిపోయింది. మాస్టారు పైకప్పు కేసి చూస్తున్నాడు. ఎస్తేరు ఖాళీ డబ్బా పట్టుకుని ఆయన మంచం మీద కూర్చుంది. ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంక ఆదివారాలు లేవని, మబ్బుల మెట్లూ ఏరూ బడి వరండా లేవని, ఆయన గొంతు ఇంక ఈ జన్మలో వినకపోవచ్చని, అదంతా తన తప్పేనని ఎలా చెప్పాలి?

డబ్బా మూత తీసి, ఆయన కళ్ల ముందు బోర్లించింది. ఒక్క గింజ రాలలేదు.

"మాస్టారూ," అంది. "గింజలు నిండుకున్నాయి."

కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. పైకప్పు మీదున్న ఆయన చూపు మెల్లగా, చాలా మెల్లగా దిగి, డబ్బా మీదికి వచ్చింది. అక్కణ్ణుంచి ఆవిడ ముఖం మీదికి వచ్చింది.

ముందు ఎడమ భుజం ఎగిరింది.